గెడ్డ నీటి లెక్క

సాలూరు కొండల్లోని జాతాపు గిరిజనుల గూడ ఒకదానిలో, పోయిన కార్తీకంలో, ఒక ఇంటి కరెంటు మీటరు కాగితం చూశాను. నెలకు 27 యూనిట్లు. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ప్రభుత్వం నెలకు 200 యూనిట్ల దాకా ఉచితమని 2019లోనే ప్రకటించినా, రెండు ఎల్‌ఈడీ బల్బులు, ఒక ఫ్యాను, సెల్‌ఫోన్ ఛార్జరు ఉన్న ఆ ఇల్లు అందులో పావు వంతు కూడా వాడుకోవడం లేదు. ఆ ఇంటి అసలు ఇంధనం మీటరులో కనబడదు. అది చూరు కింద పేర్చిన కట్టెల్లో ఉంది. చోడి (రాగి) అంబలి కాచడానికీ, చలికాలం నీళ్లు వేడి చేసుకోవడానికీ ఆడవాళ్లు తలమీద మోసుకొచ్చే మోపులను ఏ శాఖా యూనిట్లలో లెక్కకట్టదు. గాలివానకు చెట్టు విరిగి తీగ మీద పడితే రోజుల తరబడి చీకటే.

ఆ గూడ పక్కనే గెడ్డ, అంటే కొండవాగు, పారుతుంది. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పినవాడిని కాబట్టి, ఊరి కుర్రాళ్లతో కలిసి, రాళ్ల మధ్య ఇరుకైన చోట నీళ్లన్నీ ఒక్క ధారగా పడేలా చేసి, 20 లీటర్ల బకెట్టు పట్టి చూశాను. సుమారు ఒక్క సెకనులో నిండింది. ఆ ధార పైనుంచి కింది పొలాలకు 30 మీటర్ల దిగుడు ఉంది. భూమ్యాకర్షణ అంకె 9.8ని సెకనుకు పడే 20 లీటర్లతోనూ, 30 మీటర్ల దిగుడుతోనూ గుణిస్తే దాదాపు 5,900 వాట్లు. గొట్టంలోనూ యంత్రంలోనూ సగం పోయినా మూడు కిలోవాట్లకు దగ్గరగా మిగులుతుంది. ముప్పై గడపలకు గడపకు వంద వాట్లు. టర్బైను తిప్పిన నీరు మళ్లీ గెడ్డలోకే వెళ్తుంది గనుక కింది మడులకు చుక్క కూడా తగ్గదు. అయితే వైశాఖంలో అదే బకెట్టు నిండడానికి ఐదు సెకన్లు పడుతుందని కుర్రాళ్లు చెప్పారు. అప్పుడు ఇంటికి ఇరవై వాట్లే, అంటే రెండు బల్బులు. అయినా ఆ రెండూ తీగ తెగిన రాత్రి కూడా వెలుగుతాయి.

ఇదే కొండల్లో, 2022లో, కురుకుట్టి దగ్గర 1,200 మెగావాట్లు, కర్రివలస దగ్గర 1,000 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టులకు రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. వాటిని జలవిద్యుత్ అని పిలుస్తున్నాం గానీ, అక్కడ కొత్తగా కరెంటు పుట్టదు. పగటిపూట మిగిలిన సౌర విద్యుత్తుతో నీటిని కింది చెరువులోంచి పై చెరువులోకి ఎక్కించి, సాయంత్రం పట్నాల్లో వాడకం పెరిగినప్పుడు దాన్ని కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. ఎక్కించడానికి వంద యూనిట్లు ఖర్చయితే తిరిగి వచ్చేవి డెబ్బై అయిదు, ఎనభై. సౌర, పవన విద్యుత్తు పెరిగే రోజుల్లో ఇలాంటి నిల్వ అవసరమని నేను ఒప్పుకుంటాను. కానీ కొండ ఇచ్చేది ఎత్తు, భూమి, నీరు. వెలుతురు మాత్రం మైదానానిది. ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో 1955లో మొదలైన 120 మెగావాట్ల మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం కరెంటు మన జిల్లాల ఊళ్లను వెలిగించింది, నా చదువు కూడా ఆ దీపం కిందే సాగింది. దానికి నీరిచ్చే జలాపుట్ జలాశయంలో ఊళ్లు మునిగిన గిరిజనుల సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తగా నేను వినలేదు. ఇప్పటికీ అది నన్ను బాధిస్తుంది.

గిరిజనుల కోసం రాజ్యాంగం కింద ప్రకటించిన షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి సేకరించే ముందు గ్రామసభను గానీ తగిన స్థాయి పంచాయతీని గానీ సంప్రదించాలని, పంచాయతీ పాలనను ఆ ప్రాంతాలకు విస్తరించిన 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. సంప్రదించడమంటే సంతకాలు తీసుకోవడం కాదు. పై చెరువు ఎక్కడ, ఏ పోడు మునుగుతుంది, జీడితోట ఎవరిది, చెరువులు మొదటిసారి నింపడానికి ఏ గెడ్డ నీరు ఎన్నాళ్లు మళ్లిస్తారు అన్నవి అక్కడివాళ్ల మాటలో, బకెట్టు లెక్కంత తేటగా చెప్పాలి.

బకెట్టు పట్టిన రోజు ఒక ముసలమ్మ గట్టున కూర్చుని అంతా చూసింది. "కరెంటు మాట సరే బాబూ, పైన కట్ట ఏస్తే ఎండల్లో ఈ దార ఉంటాదా?" అని అడిగింది. నా దగ్గర ఉన్నది ఒక్క రోజు కొలతే. అందుకే కుర్రాళ్లకు ఒక నోటుపుస్తకం ఇచ్చి, ప్రతి పున్నమికీ బకెట్టు ఎన్ని సెకన్లలో నిండిందో రాసిపెట్టమన్నాను. మాఘ పున్నమి నాటికి రెండు సెకన్లు దాటింది.