సెలవు లేని పండగ

"మార్చి ఒకటో తారీఖున పువ్వు లేకుండా డ్యూటీకొస్తావా?" అని పొద్దున్నే కసిరింది వేల్స్‌లో నేను పనిచేసే వృద్ధుల కేర్‌హోమ్‌లో ఒక పెద్దావిడ. తొంభై దాటిన మనిషి, ఒకప్పుడు టీచరు. ఆ గదమాయింపు ఇంకా పోలేదు. నేను నోరు తెరిచేలోపే కిటికీ దగ్గర జాడీలోంచి ఒక డాఫొడిల్ తీసి, కాడ తుంచి, పిన్నీసుతో నా యూనిఫాం కాలరుకి గుచ్చడం మొదలుపెట్టింది. వేళ్లు వణుకుతున్నాయి. కాడలోంచి జిగురు కారి గుడ్డకి అంటుకుంటోంది. నేను పెట్టుకుంటానంటే వినదు. గుచ్చాక తల వెనక్కి వాల్చి చూసి, వంకరగా ఉందని తీసి మళ్లీ గుచ్చింది. అప్పుడుగానీ మాత్రలు మింగలేదు.

ఆరోజు సెయింట్ డేవిడ్స్ డే. డేవిడ్ ఆరో శతాబ్దపు క్రైస్తవ సన్యాసి. మనం త్యాగరాజ ఆరాధన చేసుకున్నట్టే, ఆయన పోయిన రోజునే వేల్స్ వాళ్లు పండగ చేసుకుంటారు.

నాకు ఎంతకీ మింగుడుపడని సంగతి ఒకటుంది. ఇంత ప్రేమగా చేసుకునే రోజుకి సెలవు లేదు! వాళ్ల వాళ్ల సెయింట్ పండక్కి స్కాట్లండ్‌కి నవంబర్ 30న ఉంది, ఉత్తర ఐర్లండ్‌కి మార్చి 17న ఉంది. సెలవు కావాలని ఇక్కడి అసెంబ్లీ 2000లోనే ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. మాకు మాత్రం లండన్‌లోని బ్రిటన్ ప్రభుత్వం ఇవ్వనంటోంది. (మాకు అనేశానా? పర్లేదు, తింటున్నది ఈ ఊరి తిండే కదా.)

సెలవు లేకపోతే పండగేమిటి అని మొదట్లో ఎగతాళి చేసేదాన్ని. మన దగ్గర సంక్రాంతికి ఊళ్లకి ఊళ్లే ఖాళీ అవుతాయి మరి. కానీ రాష్ట్ర అవతరణ రోజున మనం ఏం చేస్తాం? జెండా దగ్గర ప్రసంగాలు, టీవీలో అవే మళ్లీ. మా ఇంట్లో ఆరోజని ఒక కూర ఎక్కువ వండిన గుర్తు లేదు. ఇక్కడ ఆడపిల్లలు నల్లటి పొడుగు టోపీ, ఎర్ర శాలువాతో, మగపిల్లలు రగ్బీ చొక్కాలతో, కొందరు ఛాతీకి లీక్ గుచ్చుకుని మరీ మామూలుగా బడికే పోతారు. లీక్ అంటే మన ఉల్లికాడల జాతిదే, ఇంకా లావు. డాఫొడిల్‌లాగే అదీ వేల్స్‌కి గుర్తు. బళ్లో పాటల పోటీలు, పద్యాల పోటీలు, వేల్స్ భాష వెల్ష్‌లో.

ఆ భాషకేమన్నా రోజులు బాగున్నాయా అంటే, 2021 జనాభా లెక్కల్లో మాట్లాడగలమన్నవాళ్లు 5 లక్షల 38 వేలమందే. 19వ శతాబ్దంలో బళ్లో వెల్ష్ మాట్లాడిన పిల్లాడి మెడలో చెక్కముక్క వేలాడదీసేవారని పెద్దావిడ చెప్పినప్పుడు నాకు మైదుకూరు గుర్తొచ్చింది. తెలుగు మాట్లాడారని 2009లో అక్కడొక బళ్లో పిల్లల మెడలో పలకలు కట్టారు. ఎనిమిది కోట్లమందిమి ఉండి! ఆ మాట ఆవిడకి చెప్పబుద్ధి కాలేదు. మనవాళ్ల పరువు నేనెందుకు తియ్యాలి?

ఆ సమయానికి ఇటు వచ్చేవాళ్లుంటే, ముందు ఒక డాఫొడిల్ కొని చొక్కాకి పెట్టుకోండి, చాలు. తెలియనివాళ్లు కూడా పలకరిస్తారు. మధ్యాహ్నం రాజధాని కార్డిఫ్‌లో ఊరేగింపు ఉంటుంది. సైనికుల కవాతు కాదు, మామూలు జనం నడిచేదే. 'కాడు' (Cadw) అనే ప్రభుత్వ సంస్థ చూసుకునే కోటల్లో చాలావాటికి ఆరోజు టికెట్ కొనక్కర్లేదు, కేర్‌ఫిల్లీ కోటైతే వదలొద్దు. సెయింట్ డేవిడ్స్ ఊరికి మాత్రం ఆరోజే పోవాలనుకోకండి, అది పడమటి చివర ఎక్కడో ఉంటుంది. రెండు వేలమంది కూడా ఉండరుగానీ, కెథీడ్రల్ పుణ్యమా అని నగరం అనిపించుకుంటోంది.

తిండికొస్తే గొర్రెమాంసం, లీక్, బంగాళాదుంప వేసి ఉడికించే కౌల్. మన నాలుకకి చప్పగా ఉంటుంది, మిరియాలు దండిగా చల్లుకోండి. ఎండుద్రాక్ష వేసి పెనం మీద కాల్చే వెల్ష్ కేకులు మాత్రం వేడివేడిగా, చక్కెర అద్దుకుని తినాలి. వాటికి నేను వంక పెట్టను.

ఊరేగింపు నేను ఫోన్‌లోనే చూశాను, రోటాలో ఆరోజు నాకు డే షిఫ్ట్ పడింది. రేపు సెలవు ఇచ్చినా కేర్‌హోమ్ మూసెయ్యరనుకోండి. బ్యాంక్ హాలిడే రేటన్నా, అంటే సెలవురోజు పని చేసినందుకిచ్చే ఎక్కువ జీతమన్నా, పడుతుందని నా ఆశ.