సోమవారం వాళ్లకూ ఇదే లెక్క

అనంతపురం హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని, ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఒక సెకండరీ స్కూల్లో చెప్తున్నాను. మన దగ్గర అర్హత ఉన్న లెక్కల టీచర్లకు క్యూటీఎస్ అనే ఇక్కడి టీచరు గుర్తింపు 2023 ఫిబ్రవరి నుంచి తెరిచారు. ఆ దారిలోనే వచ్చాను. చలికి అలవాటు పడడానికి టైం పట్టింది గానీ, పిల్లల తప్పులకు ఆ అవసరమే రాలేదు. అన్నీ మన ఊరివే.

2 మీద మైనస్ 3 ఘాతాంకం వేస్తే ఇయర్ టెన్ (14–15 ఏళ్ల) పిల్లల్లో కొందరు మైనస్ 8 అంటారు, కొందరు మైనస్ 6. అనంతపురం సాయినగర్‌లో నేను చెప్పిన ట్యూషన్లోనూ అంతే. అక్కడైతే "మైనస్ కనపడితే హారంలోకి దించు" అని ముందుకు పోయేదాన్ని. సిలబస్ టెన్షన్ అట్లాంటిది. ఇక్కడ "ఎందుకు మిస్?" అంటారు. అందుకే 8, 4, 2 అని రాసి, పైన ఘాతాంకాలు 3, 2, 1 వేస్తాను. ఘాతాంకం ఒకటి తగ్గినప్పుడల్లా విలువ సగం. సున్నా దగ్గర 1, తర్వాత అర, పావు, ఎనిమిదో వంతు. ఎంత సగం చేసినా చిన్నదవుతుందే గానీ మైనస్‌లోకి పోదు.

ఘాతాంకం భిన్నమైతేనే గొడవ. మన పదో తరగతి పరీక్షల్లాంటి ఇక్కడి జీసీఎస్‌ఈలో, లెక్కల మూడు పేపర్లలో ఒకదానికి కాలిక్యులేటర్ ఉండదు. 16 మీద మైనస్ 3/4 ఇస్తే, 3 అంటే ఘనం, కింది 4 అంటే నాలుగో మూలం. తొందరపడి ముందు ఘనం చేసినవాళ్లకు 4096 వస్తుంది. దాని నాలుగో మూలం ఎవరు తీస్తారు? ముందే మూలం తీస్తే 2, ఘనం 8, తిరగేస్తే 1/8. ఏ దేశంలోనైనా నాది ఒకటే పోరు: ముందు మూలం.

మొన్న శనివారం తొమ్మిదో తరగతి చదివే మేనల్లుడు అనంతపురం నుంచి నోట్సు ఫొటో పంపాడు. బ్రాకెట్లో 8 ఎక్స్ ఘనం, బ్రాకెట్ మీద మైనస్ 2/3. వాడి జవాబు: లవంలో 8, హారంలో ఎక్స్ వర్గం.

"8ని ఎందుకు వదిలేశావురా?"

"అది నంబరు కదత్తా!"

బ్రాకెట్ మీదున్న ఘాతాంకం లోపల అందరికీ వర్తిస్తుంది. 8కి ఘనమూలం 2, దాని వర్గం 4. ఎక్స్ ఘనానికి ఘనమూలం ఎక్స్, దాని వర్గం ఎక్స్ వర్గం. మైనస్ ఉంది కాబట్టి రెండూ హారంలోకి; లవంలో మిగిలేది 1. బ్రాకెట్ లేకుండా 8 పక్కన ఎక్స్ మీద మాత్రమే మైనస్ 2 ఉంటే, వాడు రాసిందే కరెక్టు.

కాసేపాగి మెసేజ్ పెట్టాడు: "ఎక్స్ సున్నా అయితే అత్తా?" హారంలో సున్నా ఉండకూడదు, అప్పుడు ఆ లెక్కకు విలువే లేదన్నాను. నా క్లాసులో ఇంతవరకు ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. సోమవారం వాళ్లకు నేనే వేస్తాను.