నలుగురు పట్టుకుంటే సరిపోతుందట

ఈ రోజు పెద్దనాన్నగారి మనవడి పెళ్లి, ఎల్బీ నగర్ వైపు. ముహూర్తం పదకొండు దాటాక. నాకు మాత్రం హడావిడి నిన్న రాత్రే మొదలైంది. భోజనంలో మజ్జిగ మానేశాను, పొద్దున కాఫీ అర గ్లాసుతో సరిపెట్టుకున్నాను. వెళ్లే చోట బాత్రూంలోకి నా చక్రాల కుర్చీ పడుతుందో లేదో తెలియనప్పుడు ముందుజాగ్రత్త ఇదొక్కటే. వెన్నుపూస దెబ్బతిన్నవాళ్లకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ తేలిగ్గా వస్తుంది, నీళ్లు బాగా తాగమని డాక్టరుగారు చెబుతూనే ఉంటారు. ఆయన మాట వినాలంటే పెళ్లిళ్లు మానుకోవాలి.

మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రో ఒకటే లైను, మధ్యలో మారే పని లేదు. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట అవతలి భాగం కూడా మొదలయ్యాక, అటువైపు చుట్టాల ఇళ్లకు ఒక్కదాన్నే వెళ్లడం అలవాటైంది. లిఫ్టు ఎక్కడం, రైల్లోకి వెళ్లడం, కుర్చీకి కేటాయించిన చోట బ్రేకులు వేసుకుని కూర్చోవడం. ఎవరినీ బతిమాలక్కరలేదు. ఆ గంట ప్రయాణంలో నన్నెవరూ పట్టించుకోరు, అదే నాకు హాయి.

స్టేషను దిగాక కథ మారుతుంది. ఫుట్‌పాత్ మొదట్లో ఇనుప స్తంభాలు పాతారు, మోటారు సైకిళ్లు ఎక్కకూడదని. బండివాళ్లు హ్యాండిలు అటూ ఇటూ తిప్పి ఇట్టే దూరిపోతున్నారు. ఆగిపోయేది నేనొక్కదాన్నే. ఇక రోడ్డు మీదే, వెనక హారన్లు మోగుతుంటే, హాలు దాకా చక్రాలు తోసుకుంటూ వెళ్లాను.

హాలు కొత్తది. బయట పూల తోరణాలు, సన్నాయి మేళం. ర్యాంపు కూడా ఉంది, ఎర్ర తివాచీ పరిచి మరీ. కానీ అది ర్యాంపు కాదు, జారుడుబల్ల. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది లెక్క. అడుగున్నర ఎత్తున్న ఆ అరుగుకు పద్దెనిమిది అడుగులు కావాలి, వాళ్లు అయిదారు అడుగుల్లో తేల్చేశారు. పైగా తివాచీ మీద చక్రాలు కదలవు.

నన్ను చూడగానే బావగారు కేక వేశారు. "ఒరేయ్, నలుగురు రండిరా, అక్కయ్యను లేపాలి!" నిమిషంలో ఆరుగురు వచ్చారు. ఒక కుర్రాడు ఉత్సాహంగా చేతులు ఆనించుకునే కమ్మీలు పట్టుకుని ఎత్తబోయాడు. అవి ఊడివచ్చే కమ్మీలు. పట్టుకుని లేపితే కమ్మీలు వాళ్ల చేతుల్లోనూ, నేను కిందా ఉంటాం. "నాయనా, ఫ్రేము పట్టుకో, వెనకవాళ్లు హ్యాండిళ్లు వదలకండి" అని పెళ్లివారింటి గుమ్మంలో పాఠం చెప్పాను. నలుగురు మోయడమన్నది ఎలాగూ తప్పదు గానీ, దానికింకా సమయం ఉందని కూడా అన్నాను. బావగారు నవ్వలేదు.

మనవాళ్ల ధైర్యమంతా ఆ నలుగురి మీదే. పిలిస్తే పరుగెత్తుకొచ్చేవాళ్లు ఉన్నారు కాబట్టి ర్యాంపు ఎలా కట్టినా ఫరవాలేదనుకుంటారు. ఆ ప్రేమను కాదనను. కానీ తిరిగి వెళ్లాలనిపించినప్పుడు ఆ నలుగురూ భోజనాల దగ్గర ఉంటారు. నా బయలుదేరే వేళ వాళ్ల పాయసం అయ్యే వేళ మీద ఆధారపడుతుంది.

"ప్రైవేటు హాలు కదమ్మా, వాళ్లిష్టం" అన్నారు బావగారు. కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో పదిమందీ వాడే భవనం ప్రైవేటుదైనా ప్రజా భవనమే. నిబంధనలు పాటించని ప్లానుకు అనుమతి ఇవ్వకూడదనీ అందులోనే ఉంది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా, ఈ ప్రమాణాలు పాటిస్తే పాటించండి అన్నట్టు ఉంటే కుదరదు, తప్పనిసరి చేయండి అని కేంద్రానికి మూడు నెలల గడువు పెట్టింది. ఇదంతా చెబుతుంటే ఆయన చూపు వంటశాల వైపు పోయింది. పెళ్లిలో సెక్షన్లు వినే ఓపిక ఎవరికి ఉంటుంది!

వేదికకు మెట్లే. వధూవరులే దిగివస్తామన్నారు గానీ పురోహితులు కదలనివ్వలేదు, నేను కింద నుంచే అక్షింతలు విసిరాను. సగం ఫొటోగ్రాఫరు మీద పడ్డాయి. మధ్యలో ఎప్పటిలాగే రెండు చేతులూ కుర్చీ మీద ఆనించి ఒళ్లు పైకి లేపుకున్నాను. ఒకేచోట ఒత్తిడి పడితే పుండ్లు పడతాయి, అందుకని. పక్కనున్న పెద్దావిడ నేను లేచి నిలబడుతున్నానని కంగారుపడి రెండు భుజాలూ పట్టుకుని కూర్చోబెట్టేసింది.

బఫేలో గిన్నెలు నా కంటి ఎత్తులో ఉన్నాయి, వాటిలో ఏముందో కనబడదు. ఎవరో పళ్లెం నింపి తెచ్చి ఒళ్లో పెట్టారు. నిండా పప్పు, స్వీట్లు. గోంగూర వాసన మాత్రం ముక్కుకు తగులుతూనే ఉంది. అడిగి తెప్పించుకున్నాను, రెండోసారి కూడా అడిగాను, మొహమాటపడలేదు.

భోజనాల దగ్గర పిన్ని కోడలు వచ్చి కూర్చుంది. ఇల్లు కట్టుకుంటున్నారట. "వదినా, మీరు వచ్చి ఉండేలా ఉండాలంటే ఏం చేయాలి?" అని ఫోనులో ప్లాను చూపించింది. ఇంతవరకు నన్ను ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. బాత్రూం తలుపు మూడడుగులు పెట్టమన్నాను, బయటికి తెరుచుకునేలా. కమోడు పక్కన గోడకు పట్టుకునే కడ్డీ. స్నానాల గది నేల మిగతా గదితో సమంగా, నీళ్లు పోవడానికి వాలు మాత్రమే ఉండాలన్నాను. అన్నీ రాసుకుంది. ఇంటికి ఎక్కడా గడప వద్దనగానే ఆ పక్కనే విస్తరి ముందున్న పిన్ని తల ఎత్తింది.

"గడప లేని ఇల్లు ఎక్కడైనా ఉంటుందా? పసుపు ఎక్కడ రాయాలి?"

చాలాసేపు వాదించాం. పెరటి తలుపుకు గడప లేకుండా ఒప్పుకుంది. సింహద్వారం సంగతి గృహప్రవేశం లోపు తేల్చుకోవాలి.