ఐస్‌సేవ్‌లో ఇరుక్కున్న డబ్బు చేతికొచ్చింది: నా అనుభవం

డబ్బు వచ్చేసింది. మొన్న శుక్రవారం అకౌంట్లో పడింది, ఒక్క పెన్నీ తగ్గలేదు. కోపం ఇంకా తగ్గలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను, నెల పోతే మర్యాదగా రాయాల్సి వస్తుంది.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఐస్‌సేవ్ అనేది ఐస్‌లాండ్‌లోని లాండ్స్‌బాంకి అనే బ్యాంకు 2006లో బ్రిటన్‌లో మొదలుపెట్టిన ఇంటర్నెట్ సేవింగ్స్ అకౌంట్. వడ్డీ 6 శాతం పైనే ఇచ్చేవాళ్లు. 2008 అక్టోబర్‌లో ఆ బ్యాంకు మునిగింది. ఇక్కడ దాదాపు 3 లక్షల మంది డబ్బు పెట్టారు. ఐస్‌లాండ్ దేశం మొత్తం జనాభా కూడా అప్పట్లో 3 లక్షల చిల్లరే, అంటే మన గుంటూరు ఊరంత కూడా లేదు. అంత చిన్న దేశం ఇంతమందికి ఎలా హామీ ఉంటుందని ఒక్క పెద్దమనిషికీ తట్టలేదు!

నేను మాత్రం వడ్డీ చూసి కళ్లు మూసుకుని పెట్టలేదు, షరతులన్నీ చదివే పెట్టాను. లాండ్స్‌బాంకి ఇక్కడ విడిగా కంపెనీ పెట్టలేదు, బ్రాంచిగా నడిపింది. అప్పటి రూలు ప్రకారం బ్రాంచి మునిగితే మొదటి 20,887 యూరోలు ఐస్‌లాండ్ డిపాజిట్ల నిధి ఇవ్వాలి, ఆపైన 35 వేల పౌండ్ల దాకా మిగతాది ఇక్కడి ఎఫ్ఎస్‌సీఎస్ (బ్యాంకు మునిగితే డిపాజిటర్లకి డబ్బిచ్చే బ్రిటన్ సంస్థ) ఇవ్వాలి. అందుకే విజయవాడలో ఫ్లాట్ కోసం దాచిన 28 వేల పౌండ్లు దాటి ఒక్క పౌండు వేయలేదు. ఆఫీసు క్యాంటీన్‌లో ఈ లెక్క చెబితే నవ్వారు. నవ్వినవాళ్లే 2008 అక్టోబర్ 7న నా డెస్కు చుట్టూ చేరారు.

ఆ రోజు సైట్ తెరిస్తే డిపాజిట్లూ విత్‌డ్రాయల్సూ ఆపేశామని ఒక నోటీసు, అంతే. ముందురోజు రాత్రే ఐస్‌లాండ్ ప్రధాని గీర్ హార్డే టీవీలో మాట్లాడుతూ చివర దేవుడు ఐస్‌లాండ్‌ను చల్లగా చూడాలని అన్నాడు. ప్రధాని దేవుణ్ణి పిలిచాడంటే ఇక డిపాజిట్ల నిధిలో ఏముంటుందో చెప్పక్కర్లేదు. 8వ తేదీన బ్రిటన్ ఆర్థిక మంత్రి అలిస్టర్ డార్లింగ్, పరిమితితో పనిలేదు, ఐస్‌సేవ్‌లో దాచుకున్న మామూలు జనానికి మొత్తం ప్రభుత్వమే ఇప్పిస్తుందని ప్రకటించాడు. ఇంటికి ఫోన్ చేసి చెబితే నాన్న నమ్మలేదు. 2001లో హైదరాబాద్‌లో కోఆపరేటివ్ బ్యాంకు మూతపడినప్పుడు షట్టర్ ముందు నిలబడిన మనిషి ఆయన. అప్పట్లో మన దగ్గర డిపాజిట్ల ఇన్సూరెన్స్ లక్ష రూపాయలే. "మంత్రులు అలాగే అంటార్రా, నీ చేతికి వచ్చాక చెప్పు" అన్నారు.

నవంబర్‌లో ఎఫ్ఎస్‌సీఎస్ నుంచి మెయిల్ వచ్చింది, లాగిన్ అయ్యి ఒప్పుకుంటున్నానని నొక్కాను, పని అయిపోయిందనుకున్నాను. చాలామందికి ఇంతే. నొక్కిన కొద్ది రోజులకే డబ్బు వాళ్ల లింక్డ్ అకౌంట్లో (ఐస్‌సేవ్‌కి ముడిపెట్టిన మామూలు బ్యాంకు అకౌంట్) పడింది.

నాకు లింక్డ్ అకౌంటే లేదు. ఉండేది. సెప్టెంబర్‌లో బ్యాంకు మారాను, పాత అకౌంట్ మూసేశాను, కొత్త నంబర్ మార్చమని ఫారం నింపి పోస్టు చేశాను. ఆ ఫారం వాళ్లకి చేరిందో లేదో, చేరినా దాన్ని చూసే మనిషి ఉన్నాడో లేదో, ఈలోపు బ్యాంకే పోయింది. హెల్ప్‌లైన్‌లో అమ్మాయి మర్యాదగానే చెప్పింది: పాత బ్యాంకు నుంచి ఆ అకౌంట్ మీదే, ఫలానా తేదీన మూసేశారు అని లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం, కొత్త బ్యాంకు స్టేట్‌మెంట్, సంతకంతో పాస్‌పోర్ట్ కాపీ పంపండి, మేం మారుస్తాం. ఓస్ ఇంతేనా అనుకున్నాను.

పాత బ్యాంకు పేరు చెప్పను. రెడింగ్‌లో నేను పనిచేసే చోటికి దగ్గర్లోనే ఉంది, గుమ్మంలో "మీకు సాయపడటం మాకు ఇష్టం" అన్న అర్థం వచ్చే బోర్డు కూడా పెట్టుకున్నారు. మధ్యాహ్నం లంచ్ మానేసి వెళ్లాను. కౌంటర్‌లో కుర్రాడు నా పేరు రెండుసార్లు పలకబోయి వదిలేసి, మీరు మా కస్టమర్ కాదుగా అన్నాడు. అవును, అందుకే ఉత్తరం కావాలి అన్నాను. ఎందుకు అన్నాడు. లాండ్స్‌బాంకి అని నేను అనడం, వాడు కంప్యూటర్లో ఏదో కొట్టడం, వాడి మొహం మారడం అన్నీ ఒకేసారి జరిగాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. డార్లింగ్ హామీ ఇచ్చిన అదే రోజు బ్రిటన్ ప్రభుత్వం లాండ్స్‌బాంకి ఆస్తులు దేశం దాటకుండా స్తంభింపజేసింది. అందుకు వాడిన చట్టం పేరు 2001 నాటి యాంటీ టెర్రరిజం, క్రైమ్ అండ్ సెక్యూరిటీ యాక్ట్. ట్రెజరీ (బ్రిటన్ ఆర్థిక శాఖ) సైట్‌లో ఆంక్షల జాబితాలో లాండ్స్‌బాంకి పేరు అల్ ఖైదా, తాలిబాన్ పేర్ల పక్కన కనిపించింది. మేం టెర్రరిస్టులం కాదు బాబో అని ఐస్‌లాండ్ జనం ఫొటోలు దిగి పెట్టుకున్నారు. తెల్లగా ఉన్నవాళ్లకే ఆ గతి పడితే, గడ్డం, గోధుమ రంగు, బారెడు పేరు ఉన్న నేను ఆ జాబితాలోని పేరు పలికితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

కుర్రాడు లోపలికి వెళ్లి ఒకావిడను తీసుకొచ్చాడు. ఆవిడ నన్ను పక్కనున్న అద్దాల గదిలో కూర్చోబెట్టింది. క్యూలో ఉన్నవాళ్లందరికీ నేను, నాకు వాళ్లందరూ కనిపిస్తున్నాం. మా టీమ్‌లో పనిచేసే అతని భార్య కూడా ఆ క్యూలోనే ఉంది, నన్ను చూసి చూడనట్టు తల తిప్పుకుంది. పాస్‌పోర్ట్ తీసుకుని పేజీలన్నీ కాపీ తీశారు, వీసా లేని ఖాళీ పేజీలతో సహా. తర్వాత ఆవిడ చెవిటివాడితో మాట్లాడినట్టు ఒక్కో మాటా విడదీసి, "ఆ సంస్థతో మీకున్న సంబంధం ఏమిటి?" అంది. డబ్బు దాచుకున్న సంబంధం. "ఆ డబ్బు ఎక్కడిది?" జీతం, మీ బ్యాంకులోనే మూడేళ్లు పడింది, ఇదే కంప్యూటర్లో చూసుకోండి. "మూసేసిన అకౌంట్ వివరాలు మేం చెప్పలేం." మరి ఆ మూసేసిన అకౌంట్ మీద నన్ను ఇన్ని ప్రశ్నలు ఎలా అడుగుతున్నారు? దానికి జవాబు లేదు. మీ సొంత ప్రభుత్వం నాకు ఇస్తానంటున్న డబ్బు ఇది, కావాలంటే ఈ మెయిల్ చదవండి అని ప్రింటవుట్ చూపిస్తే, ఆవిడ దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, "ఇలాంటివి ఎవరైనా ప్రింట్ చేసుకోవచ్చు" అంది.

పన్నెండేళ్లు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను, ఇద్దరు ముగ్గురు క్లయింట్లు అరిస్తే కూడా చెమట పట్టలేదు. ఆ గదిలో చెమట పట్టింది.

చివరికి పని అయింది ఆ బ్రాంచిలో కాదు. మా అకౌంటెంట్, గుజరాతీ పెద్దాయన, ఆఫ్రికా నుంచి వచ్చి ఇక్కడ నలభై ఏళ్లుగా ఉన్నారు, ఒకటే మాట చెప్పారు: కౌంటర్‌లో వాదించకు, హెడ్డాఫీసుకు కంప్లయింట్ అని పైన రాసి ఉత్తరం పంపు. కంప్లయింట్ అని రాస్తే దాన్ని నమోదు చేసుకోక తప్పదు, ఎనిమిది వారాల్లో తేల్చకపోతే ఇలాంటి తగాదాలు తీర్చే ఓంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. పంపాను. నాకు కావలసిన ఉత్తరం నాలుగు లైన్లలో, ఏ ప్రశ్నా లేకుండా, ఇంటికే వచ్చింది. పాస్‌పోర్ట్ కాపీ మీద ఆ పెద్దాయనే సంతకం పెట్టారు, ఫీజు తీసుకోలేదు. రిజిస్టర్డ్ పోస్టులో పంపాను, డబ్బు పడింది.

ఇలా ఇరుక్కున్నవాళ్లకి నేను చెప్పేది: బ్రాంచి వైపు వెళ్లనే వెళ్లకండి. ఏ బ్యాంకులో పెట్టినా పాత అకౌంట్ మూసేముందు కొత్తది అవతల నమోదైందని రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఇకముందు విదేశీ బ్యాంకులో పెట్టేటప్పుడు వడ్డీ కన్నా ముందు, ఇది బ్రాంచా, ఇక్కడి కంపెనీయా అని అడగండి. కౌప్‌థింగ్ ఎడ్జ్ కూడా ఐస్‌లాండ్ వాళ్లదే, కానీ ఇక్కడ రిజిస్టరైన బ్యాంకు నడిపింది కాబట్టి వాళ్ల డిపాజిట్లు అక్టోబర్ 8నే ఐఎన్‌జీ డైరెక్ట్‌కి మారిపోయాయి. అప్పట్లో మనవాళ్లు చాలామంది టెన్షన్ పడ్డ ఐసీఐసీఐ యూకే కూడా ఇక్కడ రిజిస్టరైనదే, కాబట్టి 50 వేల పౌండ్ల దాకా (2008 అక్టోబర్‌లో 35 వేల నుంచి పెంచిన పరిమితి) బ్రిటన్ హామీయే వర్తించేది. ఇంకోటి, ఈ పరిమితి ఒక్కో బ్యాంకింగ్ లైసెన్సుకి, బోర్డు మీది పేరుకి కాదు. హాలిఫాక్స్‌లో కొంత, బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్‌లో కొంత పెట్టి తెలివిగా చీల్చాననుకుంటున్నవాళ్లు మళ్లీ లెక్క చూసుకోండి, రెండూ ఒకటే లైసెన్సు.

అందరికీ మొత్తం వచ్చిందనీ అనుకోకండి. డార్లింగ్ మాట మామూలు జనానికే. ఐస్‌లాండ్ బ్యాంకుల్లో 5 కోట్ల పౌండ్లు పెట్టిన కెంట్ కౌంటీ కౌన్సిల్ లాంటివాళ్లు అప్పులవాళ్ల వరసలో నిలబడాల్సి వచ్చింది. గ్వెర్న్‌సీ దీవిలోని లాండ్స్‌బాంకిలో పెట్టినవాళ్లకి అది మునిగిన రోజున అసలు ఏ పథకమూ లేదు.

నాది ఇప్పుడు రెండు లైసెన్సుల కింద సగం సగం ఉంది. నాన్న మాత్రం మొత్తం తెనాలి పోస్టాఫీసులో వేసెయ్యమని పట్టుబడుతున్నారు. ఎన్నారైలకి అక్కడ వీల్లేదని ఎంత చెప్పినా, పోస్ట్‌మాస్టర్ తనకు తెలుసంటున్నారు.