బుడమేరు: వరద లెక్కలోనే మొక్కకీ చేపకీ చోటుండాలి

2024 సెప్టెంబరు వరదలో విజయవాడను ముంచిన బుడమేరు వాగు మాటెత్తితే అందరూ చెప్పేవి రెండే: ఆక్రమణలు తీసెయ్యాలి, కాలువ వెడల్పు చెయ్యాలి. రెండూ చెయ్యాల్సినవే. కానీ ముందు వరద పని కానిచ్చి, డబ్బు మిగిలితే ఏటికి ప్రాణం పోద్దాం అన్న వరస మాత్రం తప్పు. వరద లెక్క కట్టేది కూడా కాలువలో ఏం పెరుగుతుంది, ఏ నేల మునుగుతుంది అన్నదాని మీదే కదా.

ముందు గరుకుదనం సంగతి చూద్దాం. కాలువలో ఎంత నీరు పారుతుందో తేల్చే మ్యానింగ్ సూత్రంలో గరుకుదనాన్ని చెప్పే ‘ఎన్’ అనే అంకె ఉంటుంది. పూడిక తీసిన మట్టి కాలువకు అది 0.025 నుంచి 0.03. గుర్రపుడెక్క, తూటికాడ కమ్మేస్తే 0.06 కూడా దాటుతుంది. ఎన్ రెట్టింపైతే అదే లోతులో పారే నీరు సగమే. అంటే బుడమేరు వరదను కృష్ణలోకి మళ్ళించే, కాగితం మీద 15,000 క్యూసెక్కుల డైవర్షన్ కాలువ, డెక్క పట్టాక, 7,500 దగ్గరే గట్టంచుకు వచ్చేస్తుంది. డిజైన్‌లో వెయ్యాల్సింది మే నెలలో పూడిక తీశాక ఉండే ఎన్ కాదు, ఆగస్టు చివర నిజంగా ఉండేది. డెక్క తీత ఎగువ నుంచి మొదలవ్వాలి. లేదంటే పైనున్నది కొట్టుకొచ్చి శుభ్రం చేసిన చోటే మళ్ళీ పేరుకుంటుంది. తీసింది గట్టు మీదే పడేస్తే తొలి వానకే సారమంతా కాలువలోకి దిగుతుంది. మురుగు కలుస్తున్నంత కాలం డెక్క ఆగదు కాబట్టి మురుగు మళ్ళింపు ఖర్చు కూడా వరద అంచనాలోనే రాయాలి.

రెండోది కృష్ణ. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర మళ్ళిన బుడమేరు ప్రకాశం బ్యారేజీకి ఎగువన, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ సెప్టెంబరులో బ్యారేజీ మీద 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి. కృష్ణ ఆ మట్టంలో ఉంటే కాలువ నీరు దిగదు, వెనక్కి ఎగదంతుంది. వెలగలేరు షట్టర్లు ఎత్తితే ఆ నీరు పాత బుడమేరు వెంట విజయవాడలోని సింగ్‌నగర్ వైపు పోతుంది. కాబట్టి ఒక పట్టిక గీసి, బుడమేరు వరదను ఒక వైపు, కృష్ణ మట్టాన్ని ఇంకో వైపు పెట్టి, రెండూ ఒకేసారి వచ్చే గడిని కూడా లెక్క కట్టాలి. కాలువ ఎంత వెడల్పు చేసినా ఆ గడిలో నీరు మిగిలిపోతుంది. దానికి నేల కావాలి.

ఎంత నేల? 10,000 క్యూసెక్కులు ఆరు గంటలు అదనంగా వస్తే 21.6 కోట్ల ఘనపుటడుగులు, అంటే 0.216 టీఎంసీ. నాలుగడుగుల లోతున నిలపాలంటే సుమారు 1,240 ఎకరాలు. వెలగలేరుకు ఎగువన పల్లపు పొలాలు, చెరువుల మధ్య దీన్ని ముక్కలుగా వెతకాలి. పొలం కొనాల్సిన పని లేదు. మునిగిన ఏడాదికి పంట పరిహారం ఒప్పందం రాసుకుంటే చాలు. ఆ పల్లానికి ఎదురుగా గట్టును ఒక చోట కావాలనే తగ్గించి, రాతి కట్టడంతో పక్క కళుజు (ఎక్కువైన నీరు పొర్లిపోయే చోటు) కట్టాలి. నీరు ఎక్కడ పొర్లాలో మనం తేల్చకపోతే గట్టులో బలహీనమైన చోటు తేలుస్తుంది. డైవర్షన్ కాలువ ఎడమ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడటం చూశాం. తుంగ, జమ్ము ఉన్న అలాంటి పల్లాల్లోనే వానాకాలం కొర్రమీను గుడ్లు పెడుతుంది. వరద పనికీ చేప పనికీ ఒకే ఎకరం సరిపోతుంది.

కాలువ కోత రెండంచెలుగా ఉండాలి. లోపలిది ఏడాదికో రెండేళ్ళకో వచ్చే వరదకు సరిపడా, దానికి రెండు పక్కలా పైన మెట్టు. చోటుంటే మొత్తం వెడల్పు లోపలి కాలువకు మూడు రెట్లు. వేసవిలో సన్నటి ధార కూడా లోపలి కాలువలో లోతుగా పారుతుంది, చేప బతుకుతుంది. మెట్టు మీద గడ్డి, వట్టివేరు. మద్ది, నేరేడు, కానుగ గట్టుకు బయట. గట్టు మీద పెద్ద చెట్టు వద్దు: అది చచ్చాక వేరు కుళ్ళి నీటికి దారవుతుంది. సర్కారు తుమ్మను ఎక్కడా రానివ్వకూడదు. గట్టు వాలు ఎత్తు ఒకటికి అడ్డం మూడు ఉండాలి. నల్లరేగడి వేసవిలో నెర్రెలిస్తుంది, వరద ఒక్కసారిగా తీస్తే నానిన గట్టు లోపలికి జారుతుంది. వరద తగ్గాక గట్టు తిరిగి చూడటం అందుకే ముఖ్యం.

వరదలో గట్టు వెనక ఊట కనిపిస్తే నీటి రంగు చూడండి. తేటగా ఉంటే కాపలా చాలు. బురదగా వస్తే లోపల మట్టి కొట్టుకుపోతోందన్నమాట. దాన్ని పూడ్చెయ్యకూడదు, పక్కన ఇంకో చోట తన్నుకొస్తుంది. చుట్టూ ఇసుక బస్తాలు బావి ఒరలా పేర్చి, నీరు తేటపడేదాకా మట్టం పెంచాలి.

పనుల వరస మాత్రం దిగువ నుంచి. ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలువ కిందుగా పోయే అండర్ టన్నెల్, ఆ తర్వాత కొల్లేరు, చివర కొల్లేరు నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు. ఎగువన వెడల్పు చేసి ఇవి వదిలేస్తే మునక కొల్లేరు లంకలకు మారుతుంది. అయిదో కాంటూరు (సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) లోపల 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించింది పక్షుల కోసమే అయినా, వరద నీరు పరుచుకునేదీ అక్కడే. అందులో కట్టే ప్రతి చేపల చెరువు గట్టూ ఆ చోటును తగ్గిస్తుంది. అందుకే తొలి ఏడాది డబ్బు ఉప్పుటేరు పూడికకూ, కొల్లేరులో అడ్డుగట్ల తొలగింపుకూ పెట్టాలి. నగరంలో రిటైనింగ్ గోడలు దాని తర్వాతే.