సైనికుడికి ఏం కావాలో రాయడమే నా ఉద్యోగం

సెలవులకి తిరుపతి వచ్చినప్పుడల్లా ఎస్వీయూలో చదివే తమ్ముళ్ళు అడిగే మొదటి మాట, "అన్నా, డిఫెన్స్ ప్రాజెక్టంటే మిసైళ్ళకి కోడ్ రాస్తావా?" అని. లేదబ్బా, నేను రాసేది రిక్వైర్‌మెంట్లు. బ్రిస్టల్‌లో ఉంటాను, కంపెనీ పేరు చెప్పకూడదు కానీ పని గురించి చెప్పొచ్చు.

బ్రిటన్‌లో ఇలాంటి పెద్ద ప్రాజెక్టులకి రెండు పత్రాలు ముఖ్యం. వాడేవాళ్ళకి ఏం జరగాలన్నది యూజర్ రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్, అందుకు సిస్టమ్ ఏం చెయ్యాలన్నది సిస్టమ్ రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్. అసలు కష్టమంతా మొదటిదాంట్లోనే ఉంది, ఎందుకంటే ఎవర్నడిగినా అవసరం చెప్పరు, తమకి తోచిన పరిష్కారం చెప్తారు. తిరుమల క్యూలో చంటిబిడ్డతో నిలబడ్డ తల్లి "ఇంకో గేటు తెరవండయ్యా" అంటుంది, ఆమెకి కావాల్సింది బిడ్డకి వేళకి పాలు, కూర్చోడానికి ఇంత చోటు.

ఒక సార్జెంట్ ఇలాగే, ఆర్మీ బండిలో సందేశాలు పంపే స్క్రీన్ పెద్దది కావాలన్నాడు. ఎందుకు, ఎప్పుడు అని అడుగుతూ పోతే తేలిందేంటంటే, రాత్రిపూట వానలో దళసరి గ్లోవ్స్‌తో ఒక బటన్ నొక్కబోతే పక్కది పడుతోంది. పెద్ద స్క్రీన్ పెడితే ఆ బండిలో మనిషి మోకాళ్ళకే చోటుండదు. చివరికి మేం రాసింది: గ్లోవ్స్ తీయకుండా, లైటు వేయకుండా, కదిలే బండిలోంచి సందేశం పంపగలగాలి. ఆ పక్క కాలమ్‌లో, ఇది నెరవేరిందని ఏ పరీక్షతో రుజువు చేస్తామన్నది కూడా రాయాలి. నేను ఎక్కువ పట్టుబట్టేది ఆ కాలమ్ దగ్గరే.

ఎందుకంటే చినూక్ మార్క్ 3 అనే సైనిక హెలికాప్టర్ల కథ నాకు తెలుసు. బ్రిటన్ 1995లో 8 హెలికాప్టర్లు ఆర్డరిచ్చింది, 2001లో చేతికొచ్చాయి. వాటి సాఫ్ట్‌వేర్ సురక్షితమని తేల్చుకోడానికి కావాల్సిన కోడ్ వివరాలు ఇచ్చి తీరాలని కాంట్రాక్టులో రాయలేదు. తయారీదారు కాంట్రాక్టు ప్రకారమే చేశాడు, అయినా ఎగరడానికి పూర్తి అనుమతి రాక అవి ఏళ్ళతరబడి హ్యాంగర్లోనే ఉండిపోయాయి, అదీ అఫ్ఘానిస్తాన్‌లో సైనికులు హెలికాప్టర్లు చాలక అవస్థ పడుతున్న రోజుల్లో. పోయిన డబ్బు కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే.

ఈ పనిలోకి రావాలనుకునే తమ్ముళ్ళూ, ఒకటి గుర్తుంచుకోండి. ఇక్కడ సెక్యూరిటీ క్లియరెన్స్‌కి, అంటే రహస్య పనులు చూడ్డానికి ఇచ్చే అనుమతికి, మామూలుగా ఐదేళ్ళు యూకేలో ఉండాలి, కొన్ని ఉద్యోగాలకి పౌరసత్వం కూడా అడుగుతారు, కాబట్టి దిగగానే డిఫెన్స్ ఉద్యోగం దొరకదని టెన్షన్ పడొద్దు. రైల్వే సిగ్నలింగ్‌లోనూ, ఆసుపత్రి పరికరాల్లోనూ ఇదే పని ఉంది, అక్కడ మొదలుపెట్టండి.