చైను ఊడితే ఎవరు ఎక్కిస్తారు?

పోయిన వేసవిలో చంద్రగిరి దగ్గర మా ఊరి చెరువులో పూడిక తీస్తుంటే తవ్వే బండికి చైను (చక్రాల చుట్టూ తిరిగే వెడల్పాటి ఇనుప పట్టీ) ఊడింది. గడ్డపారలతో నలుగురం మూడు గంటలు తంటాలు పడితేగానీ మళ్లీ ఎక్కలేదు. "చంద్రుడి మీదికి చైను బండి ఎందుకు పంపరు మామా? ఇసుకలో దిగబడదు కదా?" అని అంతకుముందు నా ప్రాణం తీసిన మేనల్లుడు, ఒంటినిండా బురదతో ఉన్న నన్ను చూసి నోరు మూసుకున్నాడు.

వాడి మాటలో తప్పేం లేదు. చైను బరువును నేల మీద పరిచేస్తుంది. చక్రాల మీద వెళ్లిన నాసా రోవర్ (వేరే గ్రహం మీద తిరిగే బండి) స్పిరిట్ 2009లో అంగారకుడి మెత్తటి మట్టిలో కూరుకుపోయి మళ్లీ బయటికి రాలేదు. కానీ చైనంటే లింకులు, పిన్నులు, రోలర్లు. దుమ్ము దూరితే అన్నీ అరుగుతాయి. బరువెక్కువ, తిప్పడానికి కరెంటూ ఎక్కువే. ఒక్క పిన్ను విరిగితే ఒక పక్కంతా పోయినట్టే.

అదే స్పిరిట్‌కి 2006లో ముందు చక్రం ఒకటి ఆగిపోయింది. ఆరు చక్రాలకీ విడివిడి మోటార్లు కాబట్టి దాన్ని ఈడ్చుకుంటూ వెనక్కి నడిచింది. ఆ ఈడ్పుకి మట్టి గీసుకుపోయి కింద తెల్లటి సిలికా బయటపడింది! (ఈ కథంటే నాకు పిచ్చి.) అంగారకుడి మీదికే వెళ్లిన ఇంకో నాసా రోవర్ క్యూరియాసిటీ అల్యూమినియం చక్రాలకి చిల్లులు పడ్డా నడక ఆపలేదు. చంద్రయాన్-3తో చంద్రుడి మీదికి వెళ్లిన మన ప్రజ్ఞాన్ బరువు 26 కిలోలే, దానికీ ఆరు చక్రాలు.

ఇదంతా చెప్పాక మావాడు, "సరే, రబ్బరు టైర్లెందుకు వెయ్యరు మామా?" అని మళ్లీ మొదలుపెట్టాడు.